డబల్ ప్రమోషన్ కాదక్కా!

మా అక్క కొల్లాపూర్ బస్టాండు నుంచి ఇల్లు చేరేలోగా కనిపించిన ప్రతి మనిషికీ చెప్పింది. దుబాయిలో ఉన్న మనవరాలికి డబల్ ప్రమోషన్ ఇచ్చారట, రెండో తరగతి నుంచి ఏకంగా నాలుగుకు పోయిందట. సాయంత్రం వీడియో కాల్‌లో మేనల్లుడు విప్పి చెప్పేసరికే ఆ సంబరం వాడకట్టంతా తిరిగొచ్చింది.

జరిగింది ఇంతే. మార్చిలో రెండో తరగతి అయిపోయిన పిల్లను సీబీఎస్ఈ బడి మాన్పించి, ఆగస్టు ఆఖర్న బ్రిటిష్ బడిలో వేశాడు. అక్కడ ఐదేళ్లు నిండితే 'ఇయర్ వన్'. మనకు ఆరేళ్లకు ఒకటో తరగతి. కాబట్టి వాళ్ల అంకె మన అంకె కంటే ఎప్పుడూ ఒకటి ఎక్కువ. మన మూడే వాళ్ల నాలుగు. "అయితే ఏం పెరగలేదా?" అంది అక్క నీరసంగా. "ఫీజు పెరిగిందమ్మా" అన్నాడు వాడు.

ఆ ఫీజు సంగతి అడగడానికే నాకు అంతకుముందు నెల రోజులు వరసగా ఫోన్లు చేశాడు. "మామా, నువ్వు బళ్లె చెప్పినోనివి గద, ఏ బడైతే బాగుంటదో చెప్పు" అని. నేను చెప్పింది మా ఊరి ఆర్‌ఐడి బడి మెట్ల మీద పెరిగిన పిల్లలకు. దుబాయి సంగతి నాకేం తెలుసు? కానీ వాడు పంపిన రంగుల పుస్తకాలూ ఫీజుల పట్టికలూ చదవక తప్పలేదు. చదివిన కొద్దీ తేలింది ఒక్కటే. బడి మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్న. ఇంటికి ఎప్పుడు వస్తారన్నది మొదటిది. ఆ మొదటి దానికి మొగుడూ పెళ్లామూ తమకు తాము కూడా జవాబు చెప్పుకోరు. దాన్ని దాటేయడానికే పొద్దుపోయేదాకా స్విమ్మింగ్ పూలు ఎంత పొడుగు, లైబ్రరీలో ఎన్ని పుస్తకాలు అని పోల్చుకుంటూ కూచుంటారు.

'బ్రిటిష్' అన్న మాట చూసి మురిసిపోవడానికీ ఏమీ లేదు. ఆ మోజు మనకు కొత్తా కాదు. 1923లో నిజాం రాజ్యంలో నవాబుల, జాగీర్దార్ల కొడుకుల కోసం హైదరాబాదులో జాగీర్దార్ కాలేజీ పెట్టారు, ఇంగ్లండులోని ఈటన్ నమూనాలో. జాగీర్లు రద్దయ్యాక అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. సురభి రాజుల సంస్థానం నడిచిన మా ఊళ్లో అప్పట్లో అట్లాంటి చదువు కోట లోపలి మాట. ఇప్పుడు కోట ఎదుట కిరాణం కొట్టు నడిపినాయన మనవడు కూడా షార్జాలో బ్లేజరు వేసుకుని, టై కట్టుకుని ఫొటో దిగుతున్నాడు. సంతోషమే. కాకపోతే దుబాయిలో ఈ బడులు నడిపే అతిపెద్ద సంస్థల్లో ఒకటైన జెమ్స్ పుట్టింది ఒక మలయాళీ ఇంట్లో. 1959లో కేరళ నుంచి వెళ్లిన వర్కీ దంపతులు అక్కడివాళ్లకు ఇంగ్లీషు చెప్పడంతో మొదలైంది. వాళ్లబ్బాయి సన్నీ వర్కీ దాన్ని ఇంత చేశాడు. అదే సంస్థ బ్రిటిష్ బడీ నడుపుతుంది, సీబీఎస్ఈ బడీ నడుపుతుంది, అమెరికన్ బడీ నడుపుతుంది. దుకాణం ఒకటే, సరుకు మూడు రకాలు.

సరుకు నాణ్యత చూసుకునే దారులు మాత్రం ఉన్నాయి. దుబాయిలో ప్రైవేటు బడుల మీద కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ అజమాయిషీ. తనిఖీ చేసిన బడికి అత్యుత్తమం నుంచి అతి బలహీనం దాకా మార్కు వేసి, నివేదికను అందరికీ కనపడేలా పెడుతుంది. చదవాల్సింది పైన వేసిన ముద్ర కాదు, అది ఏ ఏటి నివేదిక అన్నది. అప్పటి ప్రిన్సిపాల్ ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. బ్రిటన్ విద్యాశాఖకు కూడా విదేశాల్లోని బ్రిటిష్ బడులను తనిఖీ చేయించే పద్ధతి ఒకటి ఉంది, బీఎస్ఓ అంటారు. బోర్డు మీద యూనియన్ జాక్ వేసుకున్న ప్రతి బడీ ఆ తనిఖీకి పోయినట్టు కాదు. ఇక ఏ కరపత్రంలోనూ ఉండనిది టీచర్ల సంగతి. చాలామంది రెండేళ్ల ఒప్పందం మీద వచ్చి, అది తీరగానే ఇంకో దేశం పట్టుకుంటారు. మా వాడికి నేను చెప్పిన పనికొచ్చే మాట ఏదైనా ఉందంటే ఇదొక్కటే: బడి చూడ్డానికి పోయినప్పుడు స్విమ్మింగ్ పూలు చూడకు, మూడేళ్లకు మించి ఉన్న టీచర్లు ఎందరో అడుగు. వాడు అడిగాడు. ఒక బడిలో కౌంటరు అమ్మాయి నవ్వి, బస్సు రూట్ల కాగితం చేతిలో పెట్టిందట.

ఇంటి తిరుగు ప్రయాణం దగ్గరే అసలు చిక్కు. మన పిల్ల బడికి పోవడం మొదలుపెట్టిన వారానికి, 2025 సెప్టెంబరు 1న, సుప్రీంకోర్టు తెలంగాణ వైద్య సీట్ల మీద తీర్పు చెప్పింది. స్థానికులు అనిపించుకోవాలంటే ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలన్న రాష్ట్రం నిబంధన చెల్లుతుందని. రాష్ట్రం బయట పనిచేసే కొందరు ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది గానీ, దుబాయి కంపెనీలో ఇంజనీరుకు లేదు. తాతముత్తాతలు మా సోమశిల రేవులో మునిగి తేలినవాళ్లే అయినా, ఆధార్ మీద కొల్లాపూరే ఉన్నా, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఇక్కడ చదవని పిల్ల ఇక్కడ నాన్ లోకల్. కన్వీనర్ కోటాలో స్థానికులకు కేటాయించిన సీట్లకు ఆమె దూరం. మిగిలేవి ఓపెన్ సీట్లు, లేదంటే ప్రైవేటు కాలేజీల ఎన్నారై కోటా. దాని ధర అడగడానికి కూడా గుండె కావాలి.

ఈ విషయంలో సీబీఎస్ఈ అయినా బ్రిటిష్ అయినా ఒకటే, ఊరు దాటిన వాడికి రెండూ పరాయివే. తేడా ఆ తర్వాత. సీబీఎస్ఈ పిల్ల చదివేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, నీట్‌కైనా జేఈఈకైనా మూలం అదే. బ్రిటిష్ పిల్ల పదహారేళ్లకు ఐజీసీఎస్ఈ రాసి, తర్వాత రెండేళ్లూ ఎక్కువగా మూడే మూడు సబ్జెక్టులు పట్టుకుని ఏ లెవెల్ చేస్తుంది. లోతు ఉంటుంది, నేను కాదనను. మా వాడు పంపిన ఫిజిక్స్ పేపరు చూసి నాకే అసూయ పుట్టింది. ఒక్క బిట్టు లేదు. ప్రయోగం చేసిన వాడు ఎక్కడ తప్పు చేశాడో రాయమన్నారు, ఎందుకో రాయమన్నారు. మన పిల్లలకు అట్లాంటి ప్రశ్న ఎవరైనా వేశారా? కానీ నీట్‌కు కావాలంటే ఆ మూడింట్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, మూడే చదివేటట్టయితే గణితం అంటే ఇష్టం ఉన్నా వదులుకోవాలి. ఆ చదువు మన ఇంటర్‌కు సమానమని కాగితం తెచ్చుకోవాలి. ఏ లెవెల్ ఫలితాలు వచ్చేది ఆగస్టు నడిమిలో. అప్పటికి ఇక్కడ ఐఐటీల కౌన్సెలింగ్ ముగిసి, పిల్లలు హాస్టల్లో మంచాలు కూడా పంచుకుని ఉంటారు.

"మరి లండన్ పంపిస్తే?" అన్నాడు వాడు. పంపు. కానీ బ్రిటిష్ బడిలో చదివినంత మాత్రాన అక్కడి యూనివర్సిటీ ఫీజు తగ్గించదు, విదేశీ విద్యార్థి ఫీజే కట్టాలి. మంచి మార్కులుంటే సీబీఎస్ఈ పన్నెండును తీసుకునే యూనివర్సిటీలు అక్కడ బోలెడు. లండన్ పోవడానికి బ్రిటిష్ బడి తప్పనిసరి కాదు, కొల్లాపూర్ రావడానికి అది అడ్డమూ కాదు. ఎటు పోతారో తేల్చుకోని వాళ్లకే అది ఖరీదైన బేరం.

తెలుగు మాట ఎత్తితే మా వాడు ఫోను పెట్టేస్తాడు. బ్రిటిష్ బడిలో అరబిక్ తప్పనిసరి, పైన ఫ్రెంచో స్పానిషో. తెలుగు ఉండదు. వారాంతంలో 'మనబడి' అనే తెలుగు తరగతులకు పంపవచ్చు, 2007లో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. ఇదేదో సెంటిమెంటు అనుకోకండి. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు చెప్పాల్సిందే. తొమ్మిదిలో తిరిగొచ్చిన పిల్ల ముందు తెలుగు పుస్తకం ఉంటుంది. మన పిల్లకు ఇప్పుడు 'అమ్మమ్మ' అని రాయమంటే మూడు మ-లు పక్కపక్కన పెడుతోంది, వత్తు అంటే ఏమిటని అడుగుతోంది.

ఏ సిలబస్ అయినా అక్కడి పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లోనే. కొల్లాపూర్ బేనిషాన్ మామిడి అప్పటికి అయిపోయి ఉంటుంది. ఆ పిల్ల ఇంతవరకూ మా తోటలో చెట్టు మీద పండు చూడలేదు. ఇది బడి ఎంపికకు సంబంధం లేని విషయమే, కానీ అక్కకు అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఇదే.

చివరకు నేను వాడికి చెప్పింది: ఇప్పుడు వేసిన చోటే ఉంచు, ఇయర్ నైన్ దాకా. అది మన ఎనిమిది. ఐజీసీఎస్ఈకి ఏ సబ్జెక్టులు తీసుకోవాలో ఆ ఏడే అడుగుతారు. తెలంగాణలో స్థానికత లెక్క మొదలయ్యేది ఆ మరుసటి ఏడే. రెండు దారులూ అక్కడే చీలతాయి. అక్కడిదాకా వచ్చాక ఆలోచిద్దాం అనకుండా, మీరిద్దరూ ఇప్పుడే ఒక కాగితం మీద దేశం పేరు రాసుకోండి. తర్వాత మారినా ఫరవాలేదు, రాసింది ఉంటే మారిందని తెలుస్తుంది. రాయలేకపోతే మాత్రం తక్కువ ఫీజు బడికే తిరిగి పోండి, మిగిలిన డబ్బు ఆ పిల్ల పేరున వేయండి.

వాడు ఇంకా ఏమీ రాయలేదు. అక్క మాత్రం లెక్క కట్టించుకుంది. పిల్ల లోకల్ కావాలంటే ఇక్కడ తొమ్మిదో తరగతిలో చేరాల్సింది 2031 జూన్‌లో.