ఊరు మారితే వాన మారుతుందా?

ఉప్పల్, నాచారం లోతట్టు కాలనీల్లో వానాకాలపు ప్రశ్న
ఆకాశాన్ని కాదు, నేల వాలును చూడాలి

ఉప్పల్: మబ్బు పట్టిందంటే చాలు, ఉప్పల్, నాచారం, హబ్సిగూడ లోతట్టు కాలనీల్లో ఒకటే చర్చ. ఈ వానాకాలం గడిస్తే ఇల్లు మారదామా? ఉన్నదంతా ఊడ్చి కట్టుకున్న ఇంటిని అమ్ముకుని పోదామా? వాతావరణం కోసం స్థలం మారడం ఒకప్పుడు శ్రీమంతుల వేసవి విడిదికే పరిమితం. నేడు అది మధ్యతరగతి గడప తొక్కింది. ఈ ఆలోచన ఎంతవరకు సమంజసమో పరిశీలించాల్సి ఉంది.

మరువలేని రాత్రి

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు ఈ ప్రాంతంలో చెరువుల కింది కాలనీలు నీట మునిగాయి. హబ్సిగూడ వీధి నంబరు 8 రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. ముంపు కుటుంబానికి తక్షణ సాయంగా రూ.10 వేలు, పూర్తిగా కూలిన ఇంటికి రూ.లక్ష, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి రూ.50 వేలు నాటి ప్రభుత్వం ప్రకటించింది. సాయం ఖర్చయిపోయింది. భయం మాత్రం మిగిలింది.

ఎక్కడికి వెళ్లాలి?

ఇక్కడి నుంచి కదలాలనుకునే వారి చూపు సాధారణంగా వరంగల్ రహదారి వెంట బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్ వైపు సాగుతుంది. అయితే అదే రోజు బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వర్షం పడగా, ఘట్‌కేసర్ సమీపంలోని సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు నమోదైంది. అంటే వానకు వెరచి వెళ్లినవారు మరింత వాన కురిసిన చోటికే చేరినట్లు. భారీ వర్షం నగరానికి కొత్త కూడా కాదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. మబ్బుకు కాలనీల సరిహద్దులు తెలియవు.

నీరు పల్లమెరుగు

తేడా వానలో లేదు, నేలలో ఉంది. నీరు పల్లమెరుగు అన్నది పెద్దల మాట. నాచారం నుంచి దిగువకు వచ్చే నీరు చివరకు మూసీలో కలవాల్సిందే. దారిలోని చెరువు కుదించుకుపోయి, నాలా ఇరుకైతే ఆ నీరు ఇళ్లలోకి దారి వెతుక్కుంటుంది. ఒకే వానకు ఒక వీధి మునిగి, పక్కనున్న మెరక వీధి తేలికగా బయటపడటంలోని మర్మం ఇదే. కనుక వాతావరణం ఒక్కటే ఊరు మారడానికి తగిన కారణం కాదు. పల్లం మాత్రం తగిన కారణమే. అందుకు జిల్లా దాటనవసరం లేదు. పిల్లల బడి, మెట్రో స్టేషను, నాచారం పారిశ్రామికవాడలోని ఉపాధి వదులుకోకుండా నాలుగు వీధులు పైకి జరిగినా ప్రయోజనం దక్కుతుంది.

అద్దెదారు వేరు, యజమాని వేరు

అద్దెకున్నవారికి ఇది నెలరోజుల నోటీసుతో తేలే వ్యవహారం. బ్యాంకు రుణం తీరని యజమానికి మాత్రం ఇల్లే సంకెల. మునిగిన ఇంటికి మంచి ధర రాదు, వాయిదాలు ఆగవు. ఇంకొక సంగతి కూడా ఉంది. భయపడి ఒకరు ఖాళీ చేసిన కింది అంతస్తులోకి తక్కువ అద్దె చూసి మరో పేద కుటుంబం దిగుతుంది. మనుషులు మారతారు. ముంపు మారదు.

1908 పాఠం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొంది. అయినా నగరం తరలిపోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు నిర్మించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మనుషులను కదిలించడానికి ముందు నీటిని అదుపు చేయడం నాటి పాలకులు నేర్పిన పాఠం. 2024లో మూసీ గర్భంలోని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్లకు తరలించే ప్రయత్నం మొదలైనప్పుడు, ఇల్లు ఇచ్చినా పని దూరమవుతుందన్న ఆవేదన వ్యక్తమైంది. తరలింపు అంటే గోడలు మారడం ఒక్కటే కాదని ఆ ఉదంతం చాటింది.

కొనేముందు చూడాల్సినవి

ఇల్లు కొనేవారు, అద్దెకు దిగేవారు చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పటాన్ని తప్పక పరిశీలించాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్ల మేర ఖాళీ వదలాలి. ఎండాకాలంలో ఇల్లు చూసి మురిసిపోకుండా, జోరువానలో ఒకసారి ఆ వీధికి వెళ్లి రావడం ఉత్తమం. పొరుగింటి గోడపై నీటి చార ఎంత ఎత్తున ఉందో చూస్తే దస్తావేజులు చెప్పని నిజం తెలుస్తుంది.

వెళ్లగలిగినవారు వెళ్తారు. వెళ్లలేని వారి కోసం వానాకాలానికి ముందే నాలాల పూడిక తీయించడం, చెరువుల హద్దులు కాపాడటం యంత్రాంగం బాధ్యత. వానను ఆపడం ఎవరి తరమూ కాదు. దాని దారిని దానికి విడిచిపెట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది.