ఓడ మనకొఱకు నిలువదు

గుంటూరు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె భర్తగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనినవారు. వివాహమై 40 సంవత్సరములు నిండు సందర్భమున, కుమారుడును కూతురును కలిసి తల్లిదండ్రులను సింగపూరునుండి బయలుదేరు విహారనౌకలో నాలుగు రాత్రులు త్రిప్పవలెనని నిశ్చయించిరట. ఓడ టిక్కెట్లు కొనుట అయినది. విమానపు టిక్కెట్లు మాత్రము కుమారుడు తానే వెదకుచున్నాడు. ఓడ సాయంకాలము 5 గంటలకు కదలును. అతడు ఎన్నుకొన్న విమానము ఆనాడే ఉదయము 11 గంటలకు సింగపూరు చేరును. అందుకై ముందునాటి రాత్రి గన్నవరములో ఎక్కి, చెన్నపట్టణములో దిగి, వేఱొక కంపెనీవారి విమానమును వేఱు టిక్కెట్టుతో ఎక్కవలెను. ధర చవుక. “మావారికి మధుమేహము, మోకాళ్లనొప్పులు. పరుగెత్తలేరు. నాకు భయముగా నున్నది. కాని అబ్బాయి అంత శ్రమపడి చూచినదానిలో నేను కలుగజేసికొన్నచో బాగుండునా?” అని యామె ప్రశ్న.

తప్పక కలుగజేసికొనవలెనని మా యభిప్రాయము. ఆలస్యమైననాడు భర్తగారి చేయి పట్టుకొని నడువవలసినది ఆమెయే గదా! టిక్కెట్టు కొనకముందు నోరు మెదపక, కొన్న తరువాత దేవునికి మ్రొక్కుకొనుట మన ఇండ్లలో మిక్కిలి పాత యలవాటు.

ఆమె జాబు చదివి మేమొక చిన్న లెక్క వేసితిమి. 11 గంటలకు చేరి 5 గంటలకు ఓడ యనగా ఆఱు గంటల వ్యవధి కలదని కుమారుడు తలచియుండును. కాని ఓడ 5 గంటలకు కదలుననగా యాత్రికులను 5 గంటలవఱకు ఎక్కింతురని యర్థము కాదు. కంపెనీనిబట్టి గంటయో, గంటన్నరయో, కొన్నియెడల అంతకు మించియో ముందుగనే ద్వారము మూయుదురు. ఎక్కినవారి పట్టికను అధికారులకు ఒప్పగింపవలెను. రేవునుండి ఓడను వెలుపలికి నడపు పైలటు ఫలాని గంటకని ముందే నియమింపబడియుండును. రేవులో నిలుచు స్థలమునకు అద్దె కలదు. కొన్ని చోట్ల సముద్రపు పోటుపాటులనుగూడ చూచుకొనవలెను. వేలకొలది జనము నెక్కించుకొన్న ఓడ ఇద్దఱికొఱకు ఆగునా?

ఇవతల, విమానము నేలను తాకినంతమాత్రమున మనము వెలుపల పడము. పాస్‌పోర్టు తనిఖీ కావలెను; పెట్టెలు వచ్చువఱకు వేచియుండవలెను; చాంగీ విమానాశ్రయమునుండి రేవునకు సుమారు 20 కిలోమీటర్లు టాక్సీలో పోవలెను. ఆ నగరమందు విహారనౌకల కేంద్రములు రెండు కలవు: హార్బర్‌ఫ్రంటు వద్దనున్న పాతది యొకటి, 2012లో తెఱవబడిన మెరీనా బే కేంద్ర మొకటి. టిక్కెట్టుమీద ఏది వ్రాసియున్నదో చూడక టాక్సీ యెక్కినచో ఇంకొక అరగంట పోవును. ఇవన్నియు తీసివేయగా ఆ ఆఱు గంటలలో మిగులునవి రెండు మూడు మాత్రమే. విమానము మూడు గంటలు ఆలస్యమగుట నేటికాలమున వింతయా?

ఆలస్యము సంగతి యటుంచి, విమానములే లేని దినములనుగూడ చూచితిమి. 2024 ఏప్రిల్ 16వ తేదీన దుబాయిలో కనివిని యెఱుగని వాన కురిసి విమానాశ్రయము జలమయమయ్యెను. ప్రయాణికులు దినములతరబడి అచ్చటనే చిక్కుకొనిరి. ఆ యేడే జూలై 19వ తేదీన కంప్యూటర్ల వైఫల్యమువలన ప్రపంచమంతట విమానములు ఆగిపోయినప్పుడు, మన హైదరాబాదులో ప్రయాణపు చీటీలను చేతితో వ్రాసి యిచ్చిరి. 2025 డిసెంబరు మొదటి దినములలో మన దేశమందే యొక పెద్ద కంపెనీవారి విమానములు వేలకొలది రద్దయ్యెను. ఇట్టివి ప్రతిదినము జరుగవు. కాని జరుగు దినమేదో ముందుగా చెప్పువా రెవ్వరును లేరు.

కావున మేము చెప్పునది యొక్కటే: ఓడ బయలుదేరు దినమునకు ముందునాడే ఆ యూరు చేరవలెను. మన పెద్దలు మంచి ఘడియ చూచి పెట్టెను ముందుగా పొరుగింట ఉంచి ‘ప్రస్థానము’ పెట్టెడివారు. ఇప్పుడు పెట్టెతోపాటు మనుష్యులనుగూడ ముందుగా పంపవలసివచ్చినది. ఒక రాత్రి బస ఖర్చు తగులును, నిజమే. దానిని విహారములో భాగముగా లెక్కవేసికొనుడు. ఓడ తప్పినచో టిక్కెట్టు సొమ్ము సాధారణముగా తిరిగి రాదు.

రెండు టిక్కెట్ల విషయము కొంత విడమఱచి చెప్పవలసియున్నది. గన్నవరమునుండి సింగపూరు వఱకు ఒకే టిక్కెట్టుగా కొన్నయెడల, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినను, కంపెనీవారే తరువాతి విమానములో చోటు చూపవలెను. వేఱు వేఱుగా కొన్నప్పుడు రెండవ కంపెనీవారికి మన కష్టముతో పని లేదు. వేళకు రానివారుగా లెక్కించి ఊరకుందురు. తిరుగు ప్రయాణముకూడ ఆ టిక్కెట్టుమీదనే యున్నచో సాధారణముగా అదియును రద్దగును! పెట్టెలను చెన్నపట్టణములో తీసికొని మరల ఒప్పగించుకొనవలెను. మాఱు స్థలము పరదేశమందైనచో, పెట్టెలకొఱకు ఆ దేశములోనికి ప్రవేశింపవలసియుండును గనుక వేఱు వీసాయే కావలసిరావచ్చును. ఆ సోదరికి మా సలహా యేమనగా, హైదరాబాదునకు రైలులోనో కారులోనో ముందుగా వచ్చి, తిన్నగా సింగపూరు పోవు విమాన మెక్కుట మేలు. ప్రయాణము సుమారు నాలుగున్నర గంటలు. టిక్కెట్టు కొనునప్పుడే చక్రముల కుర్చీ కావలెనని వ్రాయించినచో, మోకాళ్లనొప్పులుగలవారిని ద్వారమునుండి విమానము వఱకు కూర్చుండబెట్టి తీసికొనిపోవుదురు. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఓడ కంపెనీవారే విమానపు టిక్కెట్లనుకూడ అమ్ముట కలదు. అట్లు కొన్నచో విమానము ఆలస్యమైనప్పుడు మనలను ఓడకు చేర్చు పూచీని చాలవఱకు వారు వహింతురు; షరతులు చదువుకొనవలెను. స్వయముగా కొన్నచో ఆ పూచీ మనది. చవుకలో మిగిలిన సొమ్ము ఆ పూచీకి వెలయే గాని లాభము కాదు. అట్లని స్వయముగా కొనరాదని మేము చెప్పము. ముందునాడు చేరునట్లు, ఒకే టిక్కెట్టుగా, తిన్నని మార్గమున కొన్నచో భయపడ నక్కఱలేదు. ప్రయాణపు బీమా తీసికొనునప్పుడు, ఓడ తప్పుటకు పరిహారము కలదా, ఎన్ని గంటల ఆలస్యము దాటినపిమ్మట నిత్తురు అను సంగతులు అడిగి తెలిసికొనుడు.

తేదీల చిక్కొకటి కలదు. మనకు తెల్లవాఱినగాని దినము మాఱదు. పంచాంగమందలి వారము సూర్యోదయముతో మొదలగును. విమానమువారికి నడిరేయి 12 గంటలకే తేదీ మాఱును. పరదేశములకు పోవు విమానములు మన యూళ్లనుండి అర్ధరాత్రి దాటినపిదప బయలుదేరుట తఱచు. టిక్కెట్టుమీద 15వ తేదీ 0 గంటల 40 నిమిషములని యున్నచో, 14వ తేదీ రాత్రి భోజనముచేసి బయలుదేరవలెనన్నమాట. 15వ తేదీ రాత్రి పెట్టెలతో పోయి నిలుచున్నవారు లేకపోలేదు.

“ఓడ తప్పిన నేమి, తరువాతి రేవులో అందుకొందుము” అనువారు కలరు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమతీరమందలి సావో టోమే దీవిలో ఓడ దిగి, స్వంత యేర్పాటుతో ఊరు చూడబోయిన 8 మంది వేళకు తిరిగి రాలేదు. ఓడ యింకను కనుచూపుమేరలోనే యున్నను వారిని ఎక్కించుకొనలేదు. వారు దేశములు దాటి గాంబియా చేరగా, అచ్చట పోటు చాలక ఓడ రేవులోనికే రాలేదు. సెనెగలు వఱకు పోవలసివచ్చెను. తరువాతి రేవు పరదేశమైనచో అచ్చటి వీసా ముందుగనే చేతిలో నుండవలెను. అమెరికాలో బిడ్డలయొద్దకు పోయి సియాటిల్‌నుండి అలాస్కా ఓడ యెక్కు సోదరీమణులకు ఇంకొక యడ్డంకి. 1886 నాటి శాసనమునుబట్టి విదేశపు ఓడలు సాధారణముగా ఒక అమెరికా రేవులో ఎక్కించుకొన్నవారిని మఱియొక అమెరికా రేవులో దింపి ప్రయాణము ముగింపరాదు. సియాటిల్‌లో తప్పినవారు జూనో పోయి ఎక్కుదమన్నను ఒప్పుకొనకపోవచ్చును.

ఐరోపాకు పోవువారు రేవు పేరును జాగ్రత్తగా చూడవలెను. ‘రోము’ అని ప్రకటించిన ఓడ చివితవెక్యాలో నుండును. అది నగరమునుండి 60 కిలోమీటర్లకు పైబడిన దూరము. ‘లండను’ అనగా సౌతాంప్టన్. 100 కిలోమీటర్లు దాటును. ‘పారిసు’ అనగా సుమారు 200 కిలోమీటర్ల దూరమందున్న లె హావ్ర్!

మందులు, చీటీలు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుండవలెను. రేవులో ఒప్పగించిన పెట్టె గదికి వచ్చుసరికి సాయంకాలము కావచ్చును. మధుమేహముగలవారు అంతవఱకు ఆగలేరు. సింగపూరు వీసా ముందుగనే తీసికొని, చేరుటకు 3 దినములలోపున అచ్చటి ప్రవేశపత్రమును కంప్యూటరు ద్వారా నింపవలెను. ఓడ వేఱు దేశములకు పోయి మరల సింగపూరునకే వచ్చును గనుక, రెండవసారి ప్రవేశించుటకు వీసా చెల్లునో లేదో చూచుకొనుడు. తిరుగుటకు మధ్యాహ్నము దాటిన విమానమునే తీసికొనుడు. ఓడ తెల్లవాఱి రేవు చేరినను అందఱును దిగుటకు చాల ప్రొద్దెక్కును.

ఓడలో శాకాహారులకు భోజన మెట్లుండునని ముగ్గురు సోదరీమణులు అడిగియున్నారు. వచ్చు నెల వ్రాయుదుము.