పుట్టిన తేదీతో పాటు ఎదుగుదలనూ చూడండి

నల్లపాడు చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు నడిపే పెద్దలకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, పిల్లల్ని బరిలోకి పంపే తల్లిదండ్రులకు ఈ మనవి. అండర్-14 జట్టు కట్టేటప్పుడు పుట్టిన తేదీ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఒళ్లు ఒక్కసారిగా సాగే దశ ఆడపిల్లలకు సగటున పన్నెండో ఏట, మగపిల్లలకు పద్నాలుగో ఏట వస్తుంది. అది సగటు మాత్రమే. ఒకడికి పన్నెండుకే వచ్చేస్తే, ఇంకొకడికి పదహారు దాకా రాకపోవచ్చు. ఆ దశలో మగపిల్లవాడు ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్లు పెరుగుతాడు. ఆ వెనకే కండ పడుతుంది. అందుకే ఇద్దరి తేదీలూ నిజమే అయినా, నూనూగు మీసాలవాడూ పాలబుగ్గలవాడూ ఒకే గీతకు అటూ ఇటూ నిలబడతారు. పరుగు పందెంలోనైతే చిన్నవాడు వెనకబడతాడు, అంతే. కబడ్డీలో కూతకెళ్లినవాడి తొడ మీద, చీలమండ మీద అవతలి జట్టు బరువంతా పడుతుంది. ఎదిగే ఎముక చివరన మెత్తటి పొర ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లకు బెణుకుతో పోయే దెబ్బకు పిల్లల్లో ఆ పొరే విరగవచ్చు.

దొంగ వయసులను అరికడితే చాలదా అంటారు. అరికట్టాల్సిందే. క్రీడల్లో వయసు మోసాలపై కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. అండర్-16 బాలురకు బీసీసీఐ మణికట్టు ఎక్స్‌రే తీయించి టీడబ్ల్యూ-3 పద్ధతిలో ఎముక వయసు లెక్కిస్తోంది. కానీ ఆ ఎక్స్‌రే చెప్పేది ఎముక ఎంత ముదిరిందన్నదే, ఏ రోజు పుట్టాడన్నది కాదు. త్వరగా ఎదిగిన నిజాయితీపరుడు కూడా అందులో తప్పిపోవచ్చు. ఇక మన బడి రిజిస్టర్ల సంగతి మనకు తెలియనిది కాదు. చేర్పించిన నాడు జూన్‌లో ఏదో ఒక తేదీ వేయించుకున్నవాళ్లు మనలో ఎందరో. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. వాళ్లు అండర్-14 బరిలోకి దిగేసరికి 2035 వస్తుంది. అప్పటికి తేదీలన్నీ సరిగ్గా ఉన్నా, ఎదుగుదలలో తేడా ఎక్కడికీ పోదు.

బలవంతుడితో తలపడితేనే రాటుదేలుతాడన్న మాటలో కొంత నిజముంది. కానీ ముందే ఎదిగినవాడు ఎవరి మీద రాటుదేలాలి? ఒంటి బలంతోనే గెలుస్తున్నంత కాలం వాడికి పట్టులో ఒడుపు నేర్చుకునే అవసరమే రాదు. ఆలస్యంగా ఎదిగేవాడు తన వంతు రాకముందే ఆట మానేస్తాడు. రెండు విధాలా నష్టపోయేది ఊరి జట్టే. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువని రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో చూపింది. కొన్ని నెలల పెద్దరికాన్నే అక్కడ ప్రతిభ అనుకున్నారు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బుల అకాడమీలు పిల్లల్ని కొన్ని పోటీల్లో వయసుతో కాక ఎదుగుదలతో జతకట్టి ఆడించాయి. పెద్దయ్యాక రాబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం వచ్చిందన్నదే అక్కడి లెక్క. దానికి ఎక్స్‌రే అక్కర్లేదు. పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు తెలిస్తే చాలు. ఖర్చు అంటారా, ఒక టేపు, ఒక కాటా. బరువు తూయడం కబడ్డీకి కొత్త కూడా కాదు. అయితే బరువొక్కటే పెట్టుకుంటే పిల్లల్ని పస్తులుంచి తూకానికి తెచ్చే ప్రమాదముంది. అందుకే ఎత్తు కూడా అడుగుతున్నాను.

మండల, జిల్లా పోటీల నిబంధనలు మన చేతిలో లేవు, నిజమే. బడిలో సాధన, ఊళ్లో సంక్రాంతి పోటీలు మన చేతిలోవే. ఏడాదికి మూడుసార్లు కొలవండి, ఆ కొలతల్ని బట్టి జతలు కట్టండి. చిన్నగా ఉన్నాడని పదిహేడేళ్లలోపు ఎవరినీ ఇంటికి పంపకండి. ఈసారి సంక్రాంతి పోటీల కరపత్రం అచ్చువేయించేటప్పుడు చిన్నపిల్లల విభాగం కింద ఎత్తు, బరువు కొలిచే వేళను కూడా ఒక వరుసలో వేయించండి.