వైఫై రాకుంటే... ఫోనే దిక్కు!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌ని మూలన పడేయలేక, విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ వేసుకునేవారు ఉన్నారు. అంతా సవ్యంగానే ఉంటుంది. తీరా చూస్తే కొన్నిట్లో వైఫై పేర్లే కనిపించవు!

ఉదయగిరిలో ఉన్నవారైతే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాలనుకుంటారు. తొందరపడొద్దు. డిస్కు మొత్తం ఫార్మాట్ చేయిస్తే అందులో దాచుకున్న పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు పోతాయి.

కారణం చిన్నదే. బ్రాడ్‌కామ్ వంటి కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి. అదే లేదాయె! ఈ చిక్కుముడిని ఆండ్రాయిడ్ ఫోన్ విప్పుతుంది.

ఫోన్‌ని డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. నెట్ వచ్చాక ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' తెరవండి. అక్కడ వైఫై డ్రైవర్ కనిపిస్తే ఎంచుకుని, 'అప్లై ఛేంజెస్' నొక్కి, రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు సమస్య ఇక్కడితో తీరుతుంది.

అప్పటికీ రాలేదా? టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' అనే ఆదేశాన్ని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ ఎదురుగా చిప్ పేరు ఉంటుంది. దాన్ని కాగితంపై రాసుకోండి. ఆత్మకూరు వెళ్లాల్సి వచ్చినా, 'ఫార్మాట్ వద్దు, ఈ చిప్‌కి డ్రైవర్ వేయండి' అని అడగొచ్చు.