వృద్ధుల వ్యాయామము ఏ పద్దున?

వృద్ధులకు వ్యాయామము అవసరమా అని నేడు ఎవరును అడుగరు. ఆ వ్యాయామపు ఖర్చును కళాశాల విద్య పద్దులో వ్రాయవచ్చునా అనేదే ప్రశ్న. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఈ ప్రశ్న నలభై ఏండ్లకు పైగా నలుగుతున్నది, ఇంకను తేలలేదు. అంత దూరపు సంగతి మనకెందుకని పాఠకులు అనుకోవచ్చును. విద్యార్థి తలకు ఇంత అని ప్రభుత్వ ధనము వచ్చే కళాశాలలు మన ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఉన్నవి. తలలను లెక్కించుటకు అలవాటు పడిన కళాశాల ఏ దారి పట్టునో తెలిసికొనుటకు ఆ రాష్ట్రపు ఉదంతము ఉపకరిస్తుంది.

కాలిఫోర్నియాలో నేడు 116 కమ్యూనిటీ కళాశాలలు ఉన్నవి. రెండేండ్ల చదువు చెప్పి విద్యార్థిని విశ్వవిద్యాలయమునకో ఉద్యోగమునకో పంపుట వాటి ముఖ్యమైన పని. 1960లో రూపొందిన ఆ రాష్ట్రపు ఉన్నత విద్యా ప్రణాళిక ఈ కళాశాలల తలుపులను అందరికీ తెరచి ఉంచినది. తెరచిన తలుపు గుండా వృద్ధులు కూడ వచ్చినారు. శాంటా మోనికా కళాశాల 1975లోనే వృద్ధుల కొరకు ఎమెరిటస్ అనే ప్రత్యేక విభాగమును ప్రారంభించినది. ఇటువంటి తరగతులలో మార్కులు లేవు, పట్టా లేదు, ఫీజు అసలే లేదు. చిత్రలేఖనము, సంగీతము, సాహిత్యములతో పాటు కీళ్ళనొప్పులవారికి తగిన వ్యాయామము, కుర్చీలో కూర్చుండి చేసే కసరత్తు, తూలిపడకుండ నిలుకడ నేర్పే తై చీ వంటివి వీటిలో చేరినవి.

ఫీజు లేదనగా ఖర్చు లేదని అర్థము కాదు. వృద్ధులు హాజరైన గంటలను లెక్కించి రాష్ట్ర ఖజానా కళాశాలకు సొమ్ము ఇస్తుంది. 525 గంటల హాజరు ఒక పూర్తికాలపు విద్యార్థితో సమానము. ఒక హాలులో యాభై మంది వారమునకు మూడు గంటల వంతున 35 వారములు వ్యాయామము చేసినారనుకొందము. తలకు 105 గంటలు, మొత్తము 5,250 గంటలు. అనగా రికార్డులలో పదిమంది పూర్తికాలపు విద్యార్థులు. దీనికి ఒక అధ్యాపకుడు, ఒక హాలు, కొన్ని కుర్చీలు చాలును. ఇదే సంఖ్యను రసాయనశాస్త్ర ప్రయోగశాలలో చూపవలెనన్న ఎన్ని బల్లలు, ఎన్ని పరికరములు, ఎందరు సహాయకులు కావలెనో సైన్సు విభాగపు మిత్రులను అడిగిన చెప్పెదరు. వృద్ధుల తరగతికి రాష్ట్రమిచ్చే రేటు పట్టా చదువుల రేటు కంటె తక్కువే. అయినను ఖర్చు అంతకంటె తక్కువైన చోట ప్రిన్సిపాలు మనస్సు ఎటు మొగ్గునో ఊహింపవచ్చును. ఇందులో మోసమేమియు లేదు, అంతయు చట్టబద్ధమే. మా అభ్యంతరము మనుష్యుల మీద కాదు, కొలత మీద.

1978లో ఆ రాష్ట్ర ప్రజలు 13వ ప్రతిపాదన అనే దానిని ఓట్లతో నెగ్గించి ఆస్తి పన్నుకు గట్టి హద్దు విధించినారు. స్థానికపు రాబడి తగ్గి కళాశాలల భారము రాష్ట్ర ఖజానాపై పడినది. డబ్బిచ్చే చేయి లెక్క అడుగక మానదు కదా! 1982లో, కాలక్షేపపు తరగతులకు ఇక సొమ్ము ఇవ్వరాదని శాసనసభ నిశ్చయించి, కళాశాలల కేటాయింపులో 3 కోట్ల డాలర్లు కోత కోసినది. రెండేండ్లకు, 1984లో, అంతవరకు ఉచితముగా చదివిన విద్యార్థులపై మొదటిసారి ఫీజు పడినది. ఒక మాట ఇక్కడనే చెప్పవలెను. ఆ 13వ ప్రతిపాదన వలన మిక్కిలి లాభపడినవారు చాల కాలముగా సొంత ఇండ్లలో ఉన్నవారు. అనగా పెక్కుమంది పెద్దవారే. జీవితమంతయు పన్ను కట్టినాము గనుక ఈ తరగతి మా హక్కు అనే వాదమును ఈ సంగతితో కలిపి తూచవలెను.

2008 తరువాతి ఆర్థిక సంక్షోభములో అసలు నొప్పి బయటపడినది. 2008-09లో సుమారు 29 లక్షలుగా ఉన్న విద్యార్థుల సంఖ్య 2011-12 నాటికి సుమారు 24 లక్షలకు దిగినది. చదువు మీద ఆశ తగ్గి కాదు, తరగతులు రద్దయి. యూనిట్‌కు 20 డాలర్లుగా ఉన్న ఫీజు 2009లో 26కు, 2011లో 36కు, 2012లో 46కు పెరిగినది. మొదటి సంవత్సరపు ఇంగ్లీషులోను, గణితములోను చోటు దొరకక పడుచువారు నిరీక్షణ జాబితాలలో నిలిచియుండగా, ఒకే ఈత తరగతిలో మరల మరల పేరు వ్రాయించుకొనేవారి ఖర్చును కూడ అదే ఖజానా భరించినది. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. చదువు కొరకని ఇచ్చిన సొమ్ము కళాశాల చేతిలో అమానత్ వంటిది. కళాశాలల రాష్ట్ర బోర్డు 2012లో కన్ను తెరచి, పట్టాకు లెక్కవచ్చే వ్యాయామ, కళా తరగతులను మరల మరల తీసికొనుటకు హద్దు పెట్టినది; 2013 శరత్కాలము నుండి అది అమలైనది. ఫీజు లేని వృద్ధుల తరగతులు ఆ హద్దులోనికి రాలేదు.

2015లో వయోజన విద్యకని 50 కోట్ల డాలర్ల ప్రత్యేక నిధి ఏర్పడినప్పుడు రాష్ట్రము స్పష్టమైన గీత గీచినది. వృద్ధులు తిరిగి ఉద్యోగములో చేరుటకో, బడిపిల్లల చదువుకు తోడ్పడుటకో నేర్చుకొనే విద్యకే ఆ నిధి. వ్యాయామమునకు అందులో చోటు లేదు. కాని కళాశాలల సాధారణ నిధిలో వృద్ధుల తరగతుల పద్దు అట్లే నిలిచియున్నది. ఒకే ప్రభుత్వము ఒక సంచి నుండి కూడదన్న దానికి మరొక సంచి నుండి ఇచ్చుట మాకు విచిత్రముగా తోచినది. 2020 తరువాత కోవిడ్ వలన ఆ కళాశాలలలో విద్యార్థుల సంఖ్య బాగుగా పడిపోయినది. నిరీక్షించే పడుచువారు తగ్గినారు గనుక అభ్యంతరము తీరినదని కొందరనవచ్చును. మేము అట్లనుకొనలేము. బల్లలు ఖాళీ అయినప్పుడే హాజరు పట్టీని నింపవలెననే ఆత్రము హెచ్చుతుంది.

ఇంతమాత్రముచేత ఆ తరగతులను ఎగతాళి చేయరాదు. అమెరికాలో 65 ఏండ్లు పైబడినవారిలో ఏటా నలుగురికి ఒకరి కంటె ఎక్కువమంది పడిపోవుచున్నారని ఆ దేశపు ప్రజారోగ్య శాఖ లెక్క. నిలుకడ వ్యాయామము ఆ ప్రమాదమును తగ్గించునని వైద్యశాస్త్రము రుజువు చేసినది. తుంటి ఎముక విరిగిన ముసలివారి సంగతి తెలియని ఇల్లు మన ఊళ్ళలో మాత్రము ఉన్నదా? కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. బిడ్డలు ఉద్యోగములకు, మనుమలు బడికి పోయిన ఇంటిలో, కారు నడపనేరని తల్లికి పగలంతయు ఎంత దీర్ఘమో ఎవరికి వారే తలచుకొనవచ్చును. అట్టివారికి ఆ తరగతి కసరత్తు మాత్రమే కాదు, నలుగురితో మాటాడే చోటు.

మరి ఈ మేలు ఎవరి ఖర్చును తగ్గిస్తున్నది? వృద్ధుల ఆసుపత్రి బిల్లును భరించునది 1965లో ఏర్పడిన మెడికేర్ అనే కేంద్ర ప్రభుత్వపు బీమా. పడిన తరువాత ఎముక అతికించుటకు అది డబ్బు ఇస్తుంది. పడకుండ చేసే వ్యాయామ తరగతికి అసలు మెడికేర్ ఇవ్వదు. ప్రైవేటు కంపెనీల ద్వారా నడిచే మెడికేర్ పథకములు మాత్రము కొన్ని ఇస్తున్నవి. లాభము ఆరోగ్యశాఖది, వ్యయము విద్యాశాఖది. ఈ వంకర సరికానంతవరకు కళాశాలలను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

మన పట్టణములలో తెల్లవారకముందే కళాశాల మైదానములలో పెద్దలు నడుస్తారు. వారి పేర్లు ఏ పట్టీలోను ఎక్కవు. వారి అడుగులను చూపి ఎవరును గ్రాంటు అడుగరు. మైదానము, హాలు ఇచ్చుట వేరు. వారిని విద్యార్థులని వ్రాసికొనుట వేరు. కాలిఫోర్నియా కళాశాలలు కూడ హాలు ఇయ్యవలెను. తన ఖర్చు తానే రాబట్టుకొనే ఫీజు తరగతులకు అక్కడి చట్టములో ఇప్పటికే వీలున్నది. సొంత ఇల్లు, మంచి పింఛను ఉన్నవారు వాటిలో చేరవచ్చును. అద్దె ఇంటిలో కాలము గడపే పేద వృద్ధుల వ్యాయామమునకు ఆరోగ్య నిధియో పురపాలక నిధియో కదలవలెను. ఆ నిధి చేతికి వచ్చువరకు వారి తరగతిని మాత్రము మూయరాదని మా అభిప్రాయము.