పొరుగు తోట

గోదావరి డెల్టా పటము గీయు మా విద్యార్థులు యానామునొద్దకు వచ్చునప్పటికి కలము నిలిపి, “అయ్యా, మన జిల్లాల నడుమనున్న యీ యూరు పుదుచ్చేరి కేల చెందినది?” యని యడుగుచుందురు. ఇందులకు సమాధానము చెప్పవలెనన్న, నూతన స్వాతంత్ర్యము పొందిన రాజ్యము తన యెల్లల నెట్లు పెంచుకొనవలెనో విచారింపవలసియున్నది.

1947లో ఆంగ్లేయులు వెడలినను, గౌతమీ తీరమునందలి యానామున ఫ్రెంచి పతాక మెగురుచునే యుండెను. అటు కాకినాడ, ఇటు కోనసీమ, నడుమ పరరాజ్యము. భాష యొకటే, బంధువు లొకరే. చట్టములు మాత్రము రెండు. 1929 నాటి శారదా చట్టమును తప్పించుకొనఁగోరినవారు పిల్లల పెండ్లిండ్లు చేయుటకై అచటికిఁ బోవుచుండిరి. తుదకు 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున విలీనవాదులు యానామును స్వాధీనపఱచుకొనిరి.

ఆ దినమును కొనియాడుట యుక్తమే. అయినను మే మంతకంటె నెక్కువగా గౌరవించునది అదే సంవత్సరము అక్టోబరు 18వ తేదీని. ఆనాఁడు పుదుచ్చేరి ప్రాంతమునందలి కీళూరు గ్రామమున ఫ్రెంచి స్థానముల ప్రజాప్రతినిధులు 178 మంది కూడి వోటు చేసిరి. 170 మంది విలీనమునకు సమ్మతించిరి. 8 మంది వలదనిరి. 1949లో చందర్‌నగరు ప్రజలనే యడిగినట్లు ఇచట జనుల నందఱి నడుగలేదను లోపము కలదు. అయినను వలదన్నవారిని గూడ లెక్కించిరి. నవంబరు 1న పరిపాలనము భారతదేశమునకు వచ్చెను. ఈ ప్రాంతముల ప్రత్యేక ప్రతిపత్తిని ప్రజాభిప్రాయము తెలిసికొనిన పిమ్మటనే మార్చెదమని 1956 నాటి సంధిలో మన ప్రభుత్వము మాట యిచ్చెను. చట్టరీత్యా హక్కు సంక్రమించుటకు 1962 ఆగస్టు 16 వఱకు వేచియుండెను.

తెలుఁగు ఊరిని తెలుఁగు రాష్ట్రమున వెంటనే కలుపుట సహజము గదా యని కొందఱందురు. భాషాబంధమును మేము తేలికపఱుపము. 1953లో ఆంధ్రరాష్ట్ర మా బంధముమీఁదనే యేర్పడినది. కాని ఆహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరుటకుఁ గారణము అది తన నగరు ప్రక్కన నుండుటయే! సామీప్యము హక్కు కానేరదు. 1803లో అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ఫ్రాన్సునొద్దనే లూసియానాను కోటిన్నర డాలర్లకుఁ గొన్నప్పుడు, అచటి నివాసులను గాని ఆదిమజాతులను గాని యెవ్వరు నడుగలేదు. రాజ్యము ఇంచుమించు రెండింతలయ్యెను. ఆ జాతులు మాత్రము తమ భూములనుండి క్రమముగా వెడలఁగొట్టఁబడిరి.

కావున విద్యార్థులారా, యానామును వేఱు రంగున గీయవలసివచ్చెనని విసుగుకొనకుఁడు. ఆ రంగు మన దేశ మిచ్చిన మాటకు గుఱుతు. రేపు మీరు పౌరులై, పొరుగువాని గట్టు విషయమున గాని, రాజ్యపు సరిహద్దు విషయమున గాని తీర్పు చెప్పవలసినప్పుడు, ముందుగా అచట నివసించువారి నడుగుఁడు.