మజిలీలో ఆగిన చదువు

దొరవారిసత్రం అనే పేరులోనే ఒక మాట దాగి ఉంది. సత్రమంటే బాటసారి అలసట తీర్చుకొని, తిరిగి ప్రయాణం సాగించే చోటు. అది మజిలీయే గాని గమ్యం కాదు. గూడూరు - చెన్నై రైలుమార్గంలోని ఈ చిన్న ఊరిలోనూ, చుట్టుపక్కల నాయుడుపేట, సూళ్ళూరుపేటలలోనూ చదువు సగంలో నిలిచిపోయిన సోదరసోదరీమణులు మన కుటుంబాలలో ఉన్నారు. ఇంటర్మీడియెట్ పూర్తికాగానే నికాహ్ జరిగిన అమ్మాయి, తండ్రి మరణంతో దుకాణంలో కూర్చున్న అబ్బాయి, శ్రీసిటీ కర్మాగారాలకు షిఫ్టు బస్సులో వెళ్ళివచ్చే తల్లి వంటి వారు వీరు. ముప్పై దాటిన తర్వాత వీరిలో ఎవరైనా మళ్ళీ పుస్తకం పడితే, "ఈ వయసులో చదువేమిటి? పిల్లలను చదివించుకోక!" అనే మాట ముందుగా మన ఇళ్ళలోనే వినిపిస్తుంది.

ఈ మాట మన ధర్మం నేర్పినది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్ద విద్య నేర్చినవారిలో అధికులు సంసారం, వ్యాపారం, సేద్యం ఉన్న పెద్దలే. సహచరులు పెద్ద వయసులో కూడా విద్యనభ్యసించారని ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలో ప్రత్యేకంగా పేర్కొన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివారులో నివసించేవారు. ఆయనా, ఆయన పొరుగున ఉన్న ఒక అన్సారీ సహచరుడూ వంతులు వేసుకొని ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళేవారు. ఒకరు వెళ్ళిన రోజున రెండవవారు తమ పనులు చూసుకునేవారు. వెళ్ళివచ్చినవారు ఆనాడు విన్నదంతా రెండవవారికి చెప్పేవారు. జీవనోపాధినీ, విద్యనూ రెండింటినీ నిలుపుకోవడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు ఏముంటుంది?

స్త్రీల విషయమూ అంతే. పురుషుల రద్దీలో తమకు అవకాశం దొరకడం లేదని, తమకొక రోజు కేటాయించమని మహిళలు కోరగా, ప్రవక్త (స) అందుకు అంగీకరించి వారికి బోధించారు. హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పినది షిఫా (రజి) అనే విదుషి. ఆ వ్రాత నేర్పినట్లే రోగోపశమనానికి చదివే ఒక దుఆను కూడా ఆమెకు నేర్పమని ప్రవక్త (స) షిఫాకు చెప్పినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అప్పటికి హఫ్సా (రజి) ఆయన ఇల్లాలు. అంటే సాక్షాత్తు ప్రవక్త గృహంలోనే ఒక గృహిణి విద్యాభ్యాసం సాగిందన్నమాట.

పెద్దల చదువు ఏమి చేయగలదో తెలుసుకోవడానికి మన నెల్లూరు సీమ చరిత్ర చాలు. 1990వ దశకం ఆరంభంలో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలిపని చేసిన తల్లులు రాత్రివేళ పలకలు పట్టారు. సారా వల్ల నాశనమైన సంసారాన్ని గురించిన పాఠం చదివి, అది తమ కథేనని గుర్తించారు. దూబగుంటలో రోశమ్మ మొదలైన మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. మద్యాన్ని సకల చెడులకు మూలంగా భావించే మనకు ఈ ఉదాహరణ మరింత ఆత్మీయమైనది. ఆ తల్లులు నేర్చినది కొన్ని అక్షరాలే, కాని నిలబెట్టుకున్నవి తమ ఇళ్ళు.

నేడు మార్గాలు ఎన్నో ఉన్నాయి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేలపైనే, హైదరాబాదులో వెలసింది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ళ బి.ఏ.ను ఆరేళ్ళ వరకు పూర్తిచేసుకోనిస్తుంది. ఏటా జూన్, డిసెంబరులలో పరీక్షలు జరుపుతుంది. ఉర్దూలో చదవదలచినవారికి 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. పది, ఇంటర్ ఆగినవారికి సార్వత్రిక పాఠశాల ఉంది. అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికైనా విద్యార్హత కావాలన్నది మరువరాదు. అయితే దూరవిద్యలో చేరేముందు ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉన్నదో లేదో తప్పక చూసుకోవాలి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. వివాహం తర్వాత భార్య తన పేరు మార్చుకోవాలని ఇస్లాం కోరలేదు. అయినా కొందరు ఆధార్‌లో భర్త పేరు చేర్చి మార్పించుకుంటారు. పదో తరగతి ధ్రువపత్రంలోని పేరుతో అది కలవక, ప్రవేశం వేళ ఇబ్బంది పడతారు. ఆడబిడ్డల పేర్లను ధ్రువపత్రంలో ఉన్నట్లే ఉంచడం మేలు.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న కాలానిది. చదువుకు రోజుకొక గంట కావాలి. ఆ గంట ఎక్కడినుండి వస్తుంది? సాధారణంగా అది ఇల్లాలి నిద్రలోనుండే వస్తుంది. ఫజ్ర్‌కు ముందు లేచి వంట, రాత్రి అందరూ పడుకున్నాక పుస్తకం! ఇది న్యాయం కాదు. ఇలా సాగిన చదువు ఎక్కువ కాలం నిలవదు కూడా. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి పనులలో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ సున్నత్‌ను భర్తలు పాటిస్తే ఆ గంట దానంతటదే దొరుకుతుంది. ఇషా తర్వాత గిన్నెలు కడగడం, పరీక్షల వారంలో పిల్లలను చూసుకోవడం మగవారి గౌరవానికి లోటు కాదు. అత్తమామలను ముందే కూర్చోబెట్టి సంప్రదించండి. చెప్పకుండా చేరి తర్వాత గొడవపడటం కంటే, అందరూ ఆలోచించి చేసిన నిర్ణయంలోనే శుభం ఉంది.

చదివేవారికీ బాధ్యత ఉంది. పసిబిడ్డల పాలనను, వృద్ధుల సేవను నిర్లక్ష్యం చేసి సంపాదించిన పట్టా వలన ఇంటికి మేలు కలుగదు. కష్టమైన ఏడాదిలో రెండు పరీక్షలే వ్రాసి, మిగిలినవి తర్వాతి ఏడాదికి ఉంచుకోవచ్చు. గడువు అందుకే ఉన్నది. ఫీజు కోసం వడ్డీ అప్పు జోలికి పోకండి. మన మస్జిద్ కమిటీలు ఈ విషయంలో ముందుకు వచ్చి, దరఖాస్తు నింపడంలోనూ, పేదల ఫీజులోనూ చేయూతనిస్తే ఎందరో నిలదొక్కుకుంటారు.

తల్లి పుస్తకం తెరిచిన ఇంట్లో బిడ్డకు "చదువుకో" అని వేరుగా చెప్పవలసిన అవసరం తక్కువ. కొత్త విద్యాసంవత్సరానికి ముందే మీ ఇంట ఈ ప్రస్తావన తీసుకురండి. ప్రయోజనకరమైన విద్యను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.